తాగుబోతును చూసి నవ్వే హక్కు ఎవరిది?

తెలుగు సినిమాల తాగుబోతు పాత్ర రాంగనే హాల్లో నవ్వు మొదలైతది. నడక తూలుతది, మాట తడబడుతది, పెళ్లాం చీపురు అందుకుంటది. ఎం.ఎస్. నారాయణ లాంటి మంచి నటుడిని కూడా మన పరిశ్రమ ఏండ్లకేండ్లు ఆ సీసాలనే బంధించింది. అదే తాగుడు సావిత్రిదైతే ఏడుస్తం. 2018ల ‘మహానటి’ చూసి అందరం ఏడ్చినం. ఏడ్వాల్సిందే. 1981 డిసెంబర్ 26న చనిపోయే ముందు ఏడాదికి పైగా ఆమె కోమాల ఉన్నది.

కానీ స్టార్ తాగితే విషాదం, కూలోడు తాగితే కామెడీ. ఈ లెక్క ఎవరు రాసిన్రు?

దోస్తులారా, ఈ లెక్కను తప్పించిన సినిమా ఒకటున్నది. 1990ల మైక్ నికోల్స్ తీసిన ‘పోస్ట్‌కార్డ్స్ ఫ్రమ్ ది ఎడ్జ్’. రాసింది క్యారీ ఫిషర్, ‘స్టార్ వార్స్’ల ప్రిన్సెస్ లేయా. ఆమె తల్లి డెబ్బీ రెనాల్డ్స్ కూడా పెద్ద హీరోయినే. మత్తుమందుల నుంచి బయటపడ్డ క్యారీ 1987ల నవల రాసింది, దానికి స్క్రీన్‌ప్లే కూడా తనే రాసుకున్నది. సినిమాల బిడ్డగా మెరిల్ స్ట్రీప్, తల్లిగా షర్లీ మెక్‌లేన్.

బిడ్డ ఇంట్ల పార్టీల పాట పాడితే, ఆ వెంటనే తల్లి లేచి అంతకంటే పెద్దగా పాడుతది. బిడ్డ మాత్రలు అందరికీ తప్పే, తల్లి తాగుడు మాత్రం మర్యాదే. ఆఖరికి తల్లి తాగి కారును చెట్టుకు గుద్దుతది. దవాఖానల విగ్గు లేని తల్లికి బిడ్డ ముఖం దిద్ది, తలకు గుడ్డ చుట్టి విలేకరుల ముందుకు పంపుతది. మనం నవ్వుతం, గొంతుల ఏదో అడ్డం పడుతది. ఆ నవ్వు ఆ ఇంటోళ్లది కాబట్టే అది అవమానం కాలేదు.

ఆ కథల ఇంకో ముచ్చట గమనించున్రి. మత్తు నుంచి వచ్చిన బిడ్డకు మళ్ల వేషం దొరుకుతది. బాధ్యత గల మనిషి దగ్గర ఉంటేనే బీమా ఇస్తమంటరు, అందుకే తల్లి ఇంటికి పోతది. అంటే అక్కడ చికిత్స ఉన్నది, పూచీ ఉన్నది, రెండో అవకాశం ఉన్నది. మా వాడల తాగినోనికి బెల్టుషాపుల అప్పు దొరుకుతది. పనిల పూచీ ఎవరుంటరు? పైగా ‘మీ వాడోళ్లంతా తాగుబోతులే’ అని కులానికే ముద్ర పడుతది. ఒక్కడి రోగం వాడంతటి గుణమైతది.

1992ల నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు సారా మీద తిరగబడ్డరు. ఆ పోరు రాష్ట్రమంతా పాకి, 1993ల సారా నిషేధం తెచ్చింది. వాళ్ల కోపం చరిత్రకెక్కింది. వాళ్ల నవ్వు ఎక్కలేదు. తాగొచ్చిన మొగుని మీద అరుగుల కాడ వాళ్లు వేసుకున్న జోకులు ఏ సినిమాల ఉన్నయి?

నవ్వించుడు మనకు కొత్తదా? దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లి నుంచి చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024ల పద్మశ్రీ వచ్చింది. నిజామాబాద్ దిక్కు చిందు ఎల్లమ్మ చిన్ననాటి నుంచే గజ్జె కట్టింది. మన ఆటల హాస్యగాడు రాజును కూడా వదలడు. హాలీవుడ్ తల్లి బిడ్డకు ఇచ్చేది పేరు, పోటీ. మన కళ తరానికి తరానికి ఇచ్చింది ఆటతో పాటు కులం పేరు, ఆకలి. అందుకే ‘నాకొద్దు ఈ గజ్జె’ అనే బిడ్డను నేను తప్పుపట్ట. ఆ తల్లీబిడ్డల కొట్లాట మీద సినిమా రావాలె, అది ఆ బిడ్డనే రాయాలె.

‘తాగుడు మీద నవ్వితే బాధితులను కించపరిచినట్టు కాదా?’ అని కొందరు అడుగుతరు. బయటోడు నవ్వితే అట్లనే అయితది. దెబ్బలు తిన్న అవ్వ నవ్వితే ఆమె చేతికి పగ్గం వచ్చినట్టు.

కడవెండి మట్టిల దొడ్డి కొమురయ్య నెత్తురు 1946 నుంచి ఉన్నది. ఆ మండలంల చదువుకుంటున్న చెల్లెండ్లారా, ఉపన్యాసాలు మేం చాలా రాసినం. మీరు మీ ఇంటి కామెడీ రాయున్రి. ఎవరి మీద నవ్వాల్నో ఇగ మనమే తేల్చుకుందాం.

జై భీమ్.