ఆ చేదు పల్లీ మింగకండి

రాత్రి చదువుకుంటూ పల్లీలు తింటుంటే ఒక్కోటి నోరంతా చేదు చేసేస్తుంది. అప్పుడు ఏం చేస్తాం? మొహం చిట్లించి, ఇంకో నాలుగు నోట్లో వేసుకుని మింగేస్తాం. నేనూ అంతే చేసేదాన్ని. ఇప్పుడు ఉమ్మేస్తున్నా.

పాడైన పల్లీల్లో ఆస్పర్జిల్లస్ అనే బూజు ఉండొచ్చు. అది తయారుచేసే విషం పేరు అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, వాటి దాణాలో కలిపిన వేరుశనగ పిండిలో ఇది బయటపడింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. అది ఎక్కువ మోతాదులో తిన్నప్పటి సంగతి. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళ్తే కాలేయ క్యాన్సర్ రావచ్చు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకి ఆ ముప్పు ఇంకా చాలా ఎక్కువ.

"వేయిస్తే పోతుందిలే" అంటారు. బూజు చస్తుంది, విషం మాత్రం పూర్తిగా పోదు.

ఇందులో రైతుని తిట్టడానికేం లేదు. అనంతపురం లాంటి చోట కాయ ఊరే టైమ్‌లో వాన మొహం చాటేస్తే, బూజు భూమిలోనే కాయలోకి దూరుతుంది. తర్వాత సరిగ్గా ఆరకపోయినా, గోడౌన్‌లో తేమ తగిలినా ఇంకా పెరుగుతుంది.

నా గొడవ మన వంటగదులతోనే. మా అమ్మమ్మ చేటలో పల్లీలు పోసుకుని ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పుచ్చినవి ఏరి పారేస్తుంది. అది చాదస్తం అనుకునేదాన్ని. నిజానికి చాలావరకు విషం ఉండేది అలాంటి కొద్ది గింజల్లోనే. వాటిని తీసేస్తే ముప్పు బాగా తగ్గుతుంది. పూర్తిగా పోదు, ఎందుకంటే చూడ్డానికి బాగున్న గింజలోనూ విషం ఉండొచ్చు, చేదు కూడా ఉండకపోవచ్చు. కానీ ఒకసారి మిక్సీలో పడి చట్నీ అయ్యాక ఏరడానికి ఏమీ మిగలదు. పొడి అయినా అంతే. చవకగా వస్తున్నాయని నాసిరకం గింజలు కొంటే, అవి చేరేది సరిగ్గా అక్కడికే.

అందుకే ఈసారి మెస్ మీటింగ్‌లో నేను రెండే అడుగుతా. పల్లీల పొడి కొనొద్దు, గింజలు కొనండి. రుబ్బే ముందు ఏరండి. మనుషులు చాలకపోతే ఆదివారం చేట పట్టుకుని నేనొస్తా. మీరూ వస్తారా?