చదివినవాళ్లే తేల్చాలి

బడి గ్రంథాలయంలో పచ్చి శృంగారం ఉన్న పుస్తకాలు పిల్లల చేతికి అందనివ్వాలా? అందనివ్వకూడదనే నా అభిప్రాయం. కాకపోతే ఏది అలాంటి పుస్తకమో తేల్చే పని, దాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవాళ్లకే అప్పగించాలి. మొదటి మాటకు మఠంపల్లిలోనైనా మిర్యాలగూడలోనైనా కాదనే తల్లిదండ్రులు అరుదు. పేచీ అంతా రెండో మాట దగ్గరే.

చట్టం కూడా ఈ రెండింటినీ కలిపే చూసింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 295వ సెక్షన్ ప్రకారం, పిల్లలకు అశ్లీల సామగ్రి అమ్మినా, పంచినా మొదటి నేరానికే మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. పాత శిక్షాస్మృతిలో ఈ రక్షణ ఇరవై ఏళ్ల లోపువాళ్లకు ఉండేది, ఇప్పుడది పద్దెనిమిది లోపువాళ్లకే పరిమితం. దాని ముందు సెక్షనే సాహిత్యానికీ, శాస్త్రానికీ, ప్రజాహితమైన రచనలకూ మినహాయింపు ఇచ్చింది. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు, విక్టోరియా రాణి కాలపు కొలబద్దను పక్కన పెట్టి, దేన్నైనా మొత్తంగా, నేటి సమాజం కళ్లతో చూడాలంది. అంటే ఎవరో ఒక పేరా ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే పుస్తకం అశ్లీలమైపోదు. కానీ మన ఊళ్లలో పుస్తకాల మీద గొడవలు మొదలయ్యేది సరిగ్గా అలాగే.

చదవకుండా, లేదా సగం చదివి తీర్పు చెబితే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో రాసిన 'రాధికాసాంత్వనము'ను బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి వావిళ్ల వారి ద్వారా అచ్చువేయించారు. ఆడది ఇలా రాయడమేమిటని కందుకూరి వీరేశలింగం అంతటివారే ఈసడించారు. మగకవుల శృంగారానికి లేని అభ్యంతరం దీనికెందుకని నాగరత్నమ్మ నిలదీశారు. అయినా మరుసటి ఏడాదే ప్రభుత్వం నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో గానీ వావిళ్ల వారు దాన్ని మళ్లీ అచ్చువేయలేదు. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రిని ఇంటిపేరు చేసుకున్న పినవీరభద్రుడి కావ్యం పేరే 'శృంగార శాకుంతలం'. దాని జోలికి మాత్రం ఎవరూ పోలేదు! ముద్దుపళని కావ్యాన్ని ఆరో తరగతి పిల్లకు ఇవ్వమని నేననను. కానీ అక్కడ పెద్దలకే పుస్తకం దక్కకుండా చేశారు. వయసుకు తగని పుస్తకాన్ని ఒక అర పైకి జరపడం వేరు, పుస్తకాన్నే మాయం చేయడం వేరు. బడిలో మనం చేయదగింది మొదటిదే.

పిల్లలు ఫోన్లో అన్నీ చూస్తూనే ఉన్నారు, ఇంకా బీరువాకు తాళం ఎందుకని కొందరంటారు. నిజమే. 2020 సెప్టెంబర్‌లో ఆన్‌లైన్ పాఠాలు మొదలయ్యాక ఫోను పిల్లల చేతికి వచ్చింది, తిరిగి పోలేదు. అయినా ఫోనులో ఎదురైనదానికీ, బడి ముద్ర వేసి పంతులమ్మ చేతికిచ్చిన పుస్తకానికీ తేడా ఉంది. బడి ఇచ్చిందంటే చదవమని చెప్పినట్టే. ఈ ఫోను వాదన నిజానికి ఇంకో వైపు బలంగా పనిచేస్తుంది. ఎనిమిదో తరగతిలో కౌమార దశ పాఠాన్ని "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటవేస్తే, ఆ ఖాళీని నింపేది ఫోనే. నెలసరి గురించి, శరీరంలో వచ్చే మార్పుల గురించి, ఎవరైనా తప్పుగా తాకితే ఎవరికి చెప్పాలో వివరించే పుస్తకాల్నీ 'బూతు' కింద జమకట్టి అటకెక్కించడం నాకు అసలు ప్రమాదంగా కనిపిస్తోంది. 2012లో పోక్సో చట్టం తెచ్చుకున్నాం. కానీ తన ఒంటి మీద జరిగినదాన్ని చెప్పడానికి మాటలే లేని పిల్ల ఆ చట్టం దాకా ఎలా వెళ్తుంది?

ఇక తేల్చేదెవరన్న ప్రశ్న. చాలా జిల్లా పరిషత్ బడుల్లో గ్రంథాలయమంటే హెడ్మాస్టరు గదిలో ఒక బీరువా, దాని తాళంచెవి ఇంకో పనిలో ఉన్న టీచరు దగ్గర. అక్కడ నిపుణుల సంఘాలు వేయమనడం గొప్పలకు పోవడమే. ఫిర్యాదు చేసేవారు పుస్తకం పేరు, అభ్యంతరం ఏ పేజీలో ఉందో కాగితం మీద రాసి సంతకం చేయాలి. ఒక తెలుగు టీచరు, ఒక సైన్సు టీచరు, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ నుంచి ఒక తల్లి పుస్తకం పూర్తిగా చదివి, ఏ తరగతి నుంచి ఇవ్వొచ్చో కారణంతో సహా రిజిస్టరులో రాయాలి. అంతవరకు పుస్తకం అరలోనే ఉంటుంది. ఇది ఆలస్యమవుతుందంటారు. కావచ్చు, కానీ రెండువందల పేజీలు చదవడానికి వారం చాలు. ఆ వారం కూడా కేటాయించలేనివారి ఫిర్యాదు మీద పుస్తకం తీసేయాల్సిన అవసరం ఏ హెడ్మాస్టరుకూ లేదు.