పిచ్చి అనే మాటతో ఎవరిని దించుతున్నాం?

2024 ఎన్నికల ప్రచారంలో మా రామచంద్రపురం వీధుల్లో మైకులు కట్టుకు తిరిగిన ఆటోలు "సైకో" అన్న మాటని ఎన్నిసార్లు అరిచాయో లెక్కలేదు. అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డిని తెలుగుదేశం వారు అలా పిలిచారు. తమ గుర్తు సైకిలుతో ప్రాస కూడా కుదిరింది. అవతలి వారు మాత్రం ఊరుకున్నారా? చంద్రబాబుకి మతి భ్రమించిందన్నారు. ఎవరి పాలన మంచిదన్నది వేరే చర్చ. మన మహిళా సంఘాల సమావేశాల్లో కూడా ఆ మాటకి నవ్వులూ చప్పట్లూ రావడం నన్ను బాధించింది.

అధికారంలో ఉన్నవారి మానసిక స్థితి గురించి అడగకూడదని నేను అనడం లేదు. లక్షలమంది బతుకుల మీద సంతకం పెట్టే మనిషి ఆలోచించే స్థితిలో ఉన్నాడా లేడా అన్నది ప్రజల ప్రశ్నే. కాని జవాబు చెప్పవలసింది ఎవరు? శాసనసభ్యుల గురించి రాజ్యాంగం 191వ అధికరణం, పార్లమెంటు సభ్యుల గురించి 102వ అధికరణం ఒకే మాట చెప్పాయి: మతిస్థిమితం లేదని తగిన అధికారమున్న కోర్టు ప్రకటించి ఉండాలి. ఆ తర్వాత కూడా శాసనసభ్యుడి అనర్హతని ఎన్నికల కమిషను అభిప్రాయం ప్రకారమే గవర్నరు తేల్చాలి. వేదిక మీది ప్రత్యర్థికీ, ఆ మనిషి నాడి కూడా చూడని డాక్టరుకీ ఈ పని ఎవరూ అప్పగించలేదు. మానసిక జబ్బు ఉన్నంత మాత్రాన, కోర్టు ప్రకటిస్తే తప్ప, మతిస్థిమితం లేనట్టు కాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తన మూడో సెక్షనులోనే రాసిపెట్టింది.

ఇది కేవలం నాయకుల తగాదా అయితే ఈ పత్రికలో రాసేదాన్ని కాదు. 1995 ఆగస్టు గుర్తు చేసుకోండి. సారా వ్యతిరేక ఉద్యమంలో నిలబడ్డ స్త్రీలు ఓట్లేసి తెచ్చుకున్న ప్రభుత్వం అది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్ చెప్పినట్టే మద్యనిషేధం తెచ్చారు. తొమ్మిది నెలలైనా నిండకుండా సొంత ఎమ్మెల్యేలు హైదరాబాదు వైస్రాయ్ హోటల్లో చేరారు. సెప్టెంబరు 1న చంద్రబాబు ముఖ్యమంత్రి అయ్యారు. మెజారిటీ పోయిన ముఖ్యమంత్రి దిగిపోవాలన్నది మన పద్ధతే. దానికి తలల లెక్క చాలు. కాని వారికి లెక్క చాలలేదు, కథ కావలసి వచ్చింది. డెబ్భై రెండేళ్ల పెద్దాయన తన బుద్ధితో తాను లేడు, లక్ష్మీపార్వతి ఆయన్ని గుప్పిట్లో పెట్టుకుంది, ఆమె దుష్టశక్తి. ఇదీ కథ. పిచ్చి ఆయనదట, నేరం ఆమెదట! ఆమె పార్టీ వ్యవహారాల్లో జోక్యం చేసుకుంటే దాన్ని రాజకీయంగానే విమర్శించవచ్చు. అల్లుళ్లూ కొడుకులూ చేసుకున్నది మాత్రం జోక్యం కాదు కాబోలు!

ఈ ఆయుధానికి పదును పెట్టింది అసెంబ్లీలో కాదు, మన ఇళ్లలో. హిందూ వివాహ చట్టం 13వ సెక్షను మతిస్థిమితం లేకపోవడాన్ని విడాకులకి కారణంగా ఒప్పుకుంటుంది. ఎంతమంది భర్తలు ఆ దారి పట్టారో మన కౌన్సెలింగ్ కేంద్రాల్లో పనిచేసేవారికి చెప్పక్కర్లేదు. స్కిజోఫ్రీనియా అన్న పేరు ఒక్కటే చాలదు, అది ఏ స్థాయిలో ఉందో చూడాలని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. 2013లో మన రాష్ట్రం కేసులోనే మళ్లీ చెప్పవలసి వచ్చింది.

మా చుట్టుపక్కల ఒక పంచాయతీలో వార్డు సభ్యురాలు కాన్పు తర్వాత నిద్రలేక, ఏడుపు ఆగక, కాకినాడ వెళ్లి డాక్టరుకి చూపించుకుంది. మందులు పనిచేశాయి. సంగతి ఊళ్లో తెలిసింది. అప్పటినుంచి ఆమె వీధిలైట్ల గురించి అడిగినా "మాత్ర వేసుకున్నావా అమ్మాయ్?" అంటారు. ఆమె మందులు మానేసింది. పదవి పోతుందని కాదు, మాటకి విలువ పోతుందని. అదే పంచాయతీలో మధ్యాహ్నానికే తాగి తూలే పెద్దమనిషి అర్హత గురించి మాత్రం ఎవరికీ అనుమానం రాదు. ఆటో మైకులో "సైకో" అని వినపడినప్పుడు జగన్మోహన్ రెడ్డికి ఎంత తగిలిందో నాకు తెలియదు, ఈమెకి తగిలింది.

నార్వే ప్రధానమంత్రి బోండెవిక్ 1998లో తనకి డిప్రెషన్ అని బయటికి చెప్పి మూడు వారాలకి పైగా సెలవు పెట్టారు. తిరిగొచ్చి పని చేశారు. 2000లో ఆయన ప్రభుత్వం పడిపోయింది, అదీ గ్యాసు విద్యుత్ కేంద్రాల తగాదాలో. 2001లో మళ్లీ ప్రధాని అయ్యారు. ఆరు నెలలకి మించి మానసిక చికిత్సకి నిర్బంధంగా ఉంచితే పార్లమెంటు సభ్యత్వం పోతుందన్న పాత నిబంధనని బ్రిటన్ 2013లో రద్దు చేసింది.

నిజంగానే పని చెయ్యలేని నాయకుణ్ణి చుట్టూ ఉన్నవారు దాచిపెడితే ఎలా అని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అలాంటప్పుడు పనినే అడగాలి. సభకి వచ్చాడా, ఫైలు చదివాడా, సంతకం ఎవరు పెడుతున్నారు? సభ అనుమతి లేకుండా అరవై రోజులు రాకపోతే సీటు ఖాళీ అయిందని ప్రకటించే అధికారం 190వ అధికరణం సభకి ఇచ్చింది. అంటే అనుమతి తీసుకుని వైద్యం చేయించుకునే దారి కూడా అందులోనే ఉంది. సర్పంచ్ చెయ్యలేని రోజుల్లో ఉపసర్పంచ్ చూసుకునే ఏర్పాటూ ఉంది. ఆ రోజుల్లో సర్పంచ్ భర్త వచ్చి కుర్చీలో కూర్చోకుండా చూడటం మన పని.

వచ్చే పంచాయతీ ఎన్నికలకి ముందు రెండు పార్టీల వారినీ పిలిచి అడుగుదాం: మీ మైకుల్లో పిచ్చి, సైకో, మెంటల్ అన్న మాటలు ఆపుతారా? మా ఊళ్లోనే వారానికి ఒకరోజైనా మానసిక వైద్యుణ్ణి కూర్చోబెడతారా? వారిని అడిగే ముందు, మన వేదికల మీద ఆ మాటలు వాడబోమని మన సంఘమే తీర్మానం చెయ్యాలి. ఆ తీర్మానం రాసి వచ్చే సమావేశానికి నేను తెస్తాను.