తపాలు ప్యాడు మీద పెన్సిలు గుర్తు



వచ్చే నెల మన సంఘం సర్వసభ్య సమావేశం ఉంది గదా. అజెండాలో నాలుగో అంశం చాలామంది చూసి ఉండరు. "సభ్యుల కోసం కొత్త యాప్" అని ఒక్క లైను, అంతే. కల్యాణ మండపం బాడుగ సంగతి మూడో అంశం కాబట్టి ఆ రోజు గొడవంతా అక్కడే అయిపోయి, నాలుగోది చప్పట్లతో పాసైపోతుందని నా భయం. అందుకే ముందే రాస్తా ఉన్నా. కొంచెం పొడుగు. ఓపికున్నవాళ్ళు చదవండి.

యాప్ ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి. పోయిన సంవత్సరం జూన్‌లో మన చదువు సాయం నోటీసు గ్రూపులో పెట్టినాము. రాత్రి తొమ్మిది గంటలకు. పదిహేను రోజులు గడువు. మన చెల్లెలొకామె, పేరు వద్దు, భర్త పోయినాక బస్టాండు దగ్గర ఇడ్లీ కొట్టు పెట్టుకొని బిడ్డను పాలిటెక్నిక్‌లో చేర్చింది. తెల్లవారి నాలుగింటికి లేచే మనిషి, రాత్రి ఎనిమిదింటికే పడుకుంటుంది. ఆ నోటీసు మీద అదే రాత్రి ఒక షష్టిపూర్తి ఫోటోలు పడినాయి, పొద్దున్నే పువ్వులతో గుడ్ మార్నింగులు పడినాయి. ఫోన్‌లో జాగా లేక ఆమె వారానికొకసారి అన్నీ తుడిచేస్తుందట. పద్దెనిమిదో రోజు కాగితాలు తీసుకొని వచ్చింది. గడువు దాటిందని వాపసు పంపినాము. ఆ కమిటీలో నేనూ ఉన్నా. గడువు దాటిందని రాసి సంతకం పెట్టిన చేతుల్లో నాదీ ఒకటి.

ఇది చూసే మన కుర్రోళ్ళు ఇద్దరు, సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ళు, ఒక యాప్ చేస్తామన్నారు. దాంట్లో ఎవరికి ఏది పనికొస్తుందో వాళ్ళకు అదే పైన కనిపిస్తుంది. ఎవరు ఏది చదివారో, ఏది నచ్చిందన్నారో చూసి యాప్ నేర్చుకుంటుంది. దీనికి రికమెండర్ సిస్టమ్ అని పేరు. వాళ్ళ మనసు మంచిది. సంబళం తీసుకోకుండా చేస్తామంటున్నారు. కాబట్టి నేను చెప్పే అభ్యంతరాలు వాళ్ళ మీద కాదు. సగం పనికి నేను వాళ్ళ పక్షమే.

నాకు ఈ విషయం ఎందుకు పట్టిందంటే, రైల్వేలో ముప్పై ఏండ్లకు పైగా నేను చూసింది ఇదే పని. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్. రైల్వే బోర్డు నుంచి ఆర్‌బీఈ నంబర్లతో సర్క్యులర్లు వస్తాయి. పాసులు, లీవులు, పెన్షన్, సీనియారిటీ, బదిలీ. అన్నీ అందరూ చదివితే పని జరగదు. ఎవరూ చదవకపోతే ఎవరికో ఇంక్రిమెంట్ పోతుంది. అందుకని పొద్దున తపాలు ప్యాడు వచ్చిందంటే హెడ్ క్లర్క్ ఎర్ర పెన్సిలు తీసుకొని ఒక్కో కాగితం మూలలో ఎవరి టేబులుకు పోవాలో రాసేవాడు. చదివినవాళ్ళు పొట్టి సంతకం పెట్టేవాళ్ళు. నేను చేరిన కొత్తలో నాకు ఏదీ అర్థమయ్యేది కాదు. ఒక కిటుకు కనిపెట్టినా. పాసు రూల్సులో పులి లాంటి సీనియర్ ఒకాయన ఉండేవాడు. ఆయన పొట్టి సంతకం పక్కన "కాపీ తీసుకున్నా" అని ఉంటే నేనూ కాపీ తీసుకునేవాణ్ణి. ఉత్త సంతకం ఉంటే వదిలేసేవాణ్ణి. కాగితంలో ఏముందో చదవకముందే, అది చదవదగిందా కాదా అని ఆయన చేతిరాత నాకు చెప్పేది.

కుర్రోళ్ళు ఇచ్చిన వివరాలు చదువుతా పోతే తెలిసింది, కంప్యూటర్‌లో ఈ విద్య మొదలైంది కూడా ఇట్లాగే. అమెరికాలో కాలిఫోర్నియాలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం ఉండేది. అక్కడ ఉద్యోగులకు ఈమెయిళ్ళు జాస్తి అయిపోయి, 1992లో ట్యాపెస్ట్రీ అని ఒక ఏర్పాటు గురించి ప్రకటించినారు. చదివినవాళ్ళు ఆ మెయిల్ మీద ఒక మాట రాసి పెట్టవచ్చు. "ఫలానా ఆయన బాగుందన్నవి మాత్రం నాకు చూపించు" అని ఇంకొకరు అడగవచ్చు. కొలాబరేటివ్ ఫిల్టరింగ్ అనే మాట అక్కడే పుట్టింది. మా సీనియర్ పొట్టి సంతకం తప్ప ఇది వేరే కాదు!

దాంట్లో ఒక చిక్కు ఉంది. ఎవరి మాట నమ్మాలో నీకు ముందే తెలిసి ఉండాలి. ఒకే ఆఫీసులో అయితే తెలుస్తుంది, పెద్ద ఊళ్ళో తెలియదు. 1994లో గ్రూప్‌లెన్స్ అని ఇంకొకటి వచ్చింది. అప్పట్లో యూజ్‌నెట్ అనే చోట జనం వార్తలు, చర్చలు పెట్టేవాళ్ళు. చదివినవాళ్ళు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేస్తారు. నీ మార్కులు, ఇంకొకరి మార్కులు ఎంతవరకు కలుస్తా ఉన్నాయో కంప్యూటరే లెక్క వేసి, నీ మాదిరి వాళ్ళకు నచ్చింది నీకు చూపిస్తుంది. ఆయన ఎవరో నీకు తెలియాల్సిన పని లేదు. తరువాత దుకాణాలు, సినిమాలు, పాటలు అన్నీ ఈ దారిలోనే వచ్చినాయి.

ఇందులో మనకు ఒక పెద్ద లాభం ఉంది, దాన్ని కుర్రోళ్ళే గట్టిగా చెప్పుకోలేదు. ఈ లెక్కకు భాషతో పని లేదు. నేను చదివింది తమిళ మీడియం. ఇంట్లో అవ్వతో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కున్నవే. మన గ్రూపు చూడండి. కొందరు తెలుగులో రాస్తారు, కొందరు తెలుగు మాటలను తమిళ అక్షరాల్లో రాస్తారు, పిలకాయలు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, మిగతావాళ్ళు మాట్లాడి పంపిస్తారు. "యాడుండావు" అని మనం అనే తెలుగు ఏ యంత్రానికి అర్థమవుతుందో నాకు నమ్మకం లేదు. కానీ ఎవరికి ఏది నచ్చింది అనే లెక్కకు చదవాల్సిన అవసరమే లేదు. కృష్ణగిరిలో ఒకామె, మదురైలో ఒకామె ఒకే పాత పెండ్లి పాటల రికార్డింగులు విన్నారంటే, వాళ్ళు ఏ అక్షరాల్లో రాసినా సరే, ఒకరికి దొరికిన పాట ఇంకొకరికి చేరుతుంది. పాటలు, వంటలు, పాత ఫోటోలు, వంశాల వివరాలు, మంచి డాక్టరు ఎవరు, పెండ్లి వంటవాళ్ళు ఎవరు, వీటికంతా యాప్ రావాలి. నా ఓటు ఉంది.

చదువు సాయం నోటీసుకు మాత్రం ఇది పనికిరాదు. ఎట్లా అని అడుగుతారు.

ఆ నోటీసు పెట్టిన రోజు దాన్ని ఎవరూ చదవలేదు, కాబట్టి దానికి మార్కులు లేవు. మార్కులు లేనిది ఎవరికి చూపాలో లెక్కకు తెలియదు. నలుగురు చదివి, నచ్చిందని నొక్కి, అది మెల్లగా పైకి వచ్చేసరికి గడువు అయిపోతుంది. ఇడ్లీ కొట్టు చెల్లెలి సంగతి చూడండి. ఆమె ఫోన్‌లో చూసేది దేవుడి పాటలు. ఆమె మాదిరి వాళ్ళెవరు? దేవుడి పాటలు వినేవాళ్ళు. వాళ్ళంతా అరవై దాటిన మా ఈడు వాళ్ళు, పాలిటెక్నిక్ ఫీజుతో వాళ్ళకేం పని? యాప్ ఆమెకు శ్రద్ధగా ఇంకో పది పాటలు చూపిస్తుంది. నచ్చడం వేరు, అవసరం వేరు. రక్తం కావాలని పెట్టిన మెసేజీకి ఎవరు బొటనవేలు ఎత్తుతారు? చావు కబురు కింద లైక్ కొట్టడానికి మనకు చెయ్యి రాదు. లైకులు లెక్కపెట్టే యంత్రానికి ఈ రెండూ ఎవరికీ పట్టని మెసేజీలు.

లెక్క ఎట్లా తప్పుతుందో పెద్ద కంపెనీలు మనకు ముందే చూపించినాయి. ఫేస్‌బుక్‌లో 2016లో లైక్‌తో పాటు ప్రేమ, నవ్వు, ఏడుపు, కోపం బొమ్మలు వచ్చినాయి గదా. 2017 నుంచి ఒక్కో బొమ్మను ఐదు లైకులకు సమానంగా లెక్కపెట్టినారని 2021లో పత్రికల్లో వచ్చింది. కోపం బొమ్మకూ ఐదే. అంటే ఎవరికైనా కోపం తెప్పించినవాడి మాట ఇంకా నలుగురికి కనబడేది. చివరికి 2020లో కోపానికి సున్నా చేసినారు. ఐదు అని ఎవరో ఒకరు ఒక గదిలో కూర్చొని నిర్ణయించిన అంకె అది. మన యాప్‌లోనూ ఎవరో ఒకరు ఒక అంకె వేస్తారు. మన సంఘంలో కోపం తెప్పించే విషయం ఏదో చెప్పాలా? ఆ అంకె తప్పితే మండపం బాడుగ తగువు తప్ప మన యాప్‌లో ఇంకేమీ కనిపించదు.

ఇంకో సంగతి, కొంచెం సున్నితమైనది. కోట్ల మంది ఉన్న చోట "మీలాంటివాళ్ళు ఇది చూశారు" అంటే ఎవరో తెలియదు. మనం కొన్ని వందల కుటుంబాలు. నేను పని చేసిన ఆఫీసులో స్వచ్ఛంద పదవీ విరమణ సర్క్యులర్ ఎవరు రెండుసార్లు అడిగి తీసుకున్నాడో సాయంత్రానికి సెక్షనంతా తెలిసేది, మరునాడు ఆఫీసరుకూ తెలిసేది. మన యాప్‌లో రెండో పెండ్లి సంబంధాల జాబితా ఒకామె నాలుగుసార్లు తెరిచిందనుకోండి. ఆమె వదినకు, ఆమె పక్కింటికి అదే జాబితా పైన కనిపించడం మొదలైతే? మనవాళ్ళకు కంప్యూటర్ రాకపోవచ్చు, ఈ లెక్క మాత్రం క్షణంలో వస్తుంది. సంబంధాలు, అప్పు సాయం, జబ్బులు, ఈ మూడింట్లో ఎవరు ఏది తెరిచారో యాప్ గుర్తు పెట్టుకోనే కూడదు. మార్కులకు కలపకపోవడం కాదు, అసలు రాసుకోకూడదు.

మరి ఏం చేయాలి? పెన్సిలు వాడాలి అంటున్నా. గడువు ఉన్న ప్రతి నోటీసూ యంత్రానికి కాకుండా మనుషులకు పోవాలి. ఒక్కో ఊరికి ఇద్దరు ముగ్గురు, అందులో ఒక ఆడమనిషి తప్పకుండా. నోటీసు చూసి, "ఇది ఫలానా ఇంటికి పనికొస్తుంది" అని గుర్తు పెట్టి, తన పేరు రాసి పంపాలి. మూడు రోజుల్లో ఆ ఇంటివాళ్ళు చూడకపోతే ఫోన్ చేయాలి. ఎవరింట్లో ఏ పిల్ల ఏ క్లాసు చదువుతుందో మనకు తెలియదా? పెండ్లికి పోతే మొదట అడిగేదే అది. దానికి యాప్ ఎందుకు!

దీనికి కుర్రోళ్ళు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. "మామా, మనుషులైతే వాళ్ళ చుట్టాలకే గుర్తు పెడతారు. యంత్రానికి చుట్టాలు లేరు" అన్నారు. నిజం. మా ఆఫీసులోనే ఒక హెడ్ క్లర్క్, తనకు పడని మనిషికి రావాల్సిన డిపార్ట్‌మెంటల్ పరీక్ష సర్క్యులర్‌ను తపాలు ప్యాడులో అన్నిటికన్నా అడుగున పెట్టినాడు. గడువుకు రెండు రోజుల ముందు బయటపడింది. ఎట్లా బయటపడింది? ఆయన పెన్సిలు గుర్తు, తేదీతో సహా, ఆ కాగితం మూలలోనే ఉంది. దాన్ని పట్టుకొని యూనియన్ వాళ్ళు ఆఫీసరు ముందుకు పోయినారు, ఆ మనిషి పరీక్ష రాసినాడు. మనిషి పక్షపాతం చేస్తాడు, చేతిరాత వదులుతాడు. మన యాప్ ఒక ఇంటికి ఒక నోటీసు చూపించకపోతే, ఎందుకు చూపలేదని ఎవరిని పట్టుకొని అడగాలి? అందుకే ఇంకో కోరిక కూడా సభలో పెడతా. యాప్ చూపే ప్రతిదాని కింద "ఇది మీకు ఎందుకు వచ్చింది" అని ఒక లైను ఉండాలి. అదేమీ వద్దు, వచ్చిన వరుసలో అన్నీ చూపించు అనేవాళ్ళకు ఒక బటన్ ఉండాలి. ఈ రెండూ చేయడం కష్టం కాదని కుర్రోళ్ళే ఒప్పుకున్నారు.

చందా లెక్కలు, సర్వర్ ఖర్చు వగైరా కోశాధికారి చెబుతారు, నాకు తెలియదు.

గుర్తు పెట్టేవాళ్ళ పేర్లు సభలో చెప్పాలి కాబట్టి పోయిన ఆదివారం కొందరిని అడిగి వచ్చినా. ఇడ్లీ కొట్టు చెల్లెలి దగ్గరికి కూడా పోయినా. నాకు ముఖం చెల్లలేదు, అయినా పోయినా. బస్టాండు చుట్టుపక్కల మన ఇండ్లన్నీ ఆమెకు తెలుసు, ఎవరి పిలకాయలు ఏ బడికి పోతారో కొట్టు దగ్గరే తెలిసిపోతుంది. కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "మధ్యాహ్నం రెండు తరువాత అయితే చేస్తా అన్నా, అప్పటిదాకా కొట్టు ఉంటుంది" అంది. సరేనన్నా. మీ ఊళ్ళో ఎవరున్నారో పేర్లు నాకు గానీ కార్యదర్శికి గానీ సభకు వారం ముందే పంపండి.