కుర్చీలో కూర్చుని పాడిన మనిషి



ఈ సంగతి ఆదివారం పుల్పిట్ మీద చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను. కొందరికి నచ్చకపోవచ్చు. అయినా చదవండి.

2025 జూలైలో బర్మింగ్‌హామ్‌లో నర్సుగా పనిచేస్తున్న మా అక్క దగ్గరికి వెళ్ళాను కదా. అక్కడ మేనల్లుడు, "మావయ్యా, మా ఫ్రెండ్‌కి జ్వరం. టికెట్ వృథా అవుతుంది, మీరు రండి" అన్నాడు. ఎవరి పాటలురా అంటే, ఓజీ ఆస్‌బోర్న్ అన్నాడు.

నా గుండె ఝల్లుమంది. సెమినరీ రోజుల్లో యువజన కూటాలలో సాతాను సంగీతం గురించి చెప్పాలంటే మాకు మొదట దొరికే పేరు ఆయనదే. 1982లో వేదిక మీద గబ్బిలం తల కొరికిన మనిషి. లోకం ఆయనకు పెట్టిన బిరుదు చీకటి రాజకుమారుడు. ఆయన పాట ఒక్కటి కూడా వినకుండానే ఆయన మీద నేను మూడు ప్రసంగాలు చేశాను. అక్క నవ్వి, "వెళ్ళరా, నీ రక్షణేం పోదులే" అంది. వెళ్ళాను.

జూలై 5, శనివారం. విల్లా పార్క్ అనే ఫుట్‌బాల్ మైదానం. అది ఉన్న ఆస్టన్ అనే పేట ఆయన పెరిగిన చోటే. ఆరుగురు పిల్లలున్న పేద ఇల్లు. కుర్రతనంలో పశువుల కబేళాలో పనిచేశాడట. 1968లో ఆ ఊరి కుర్రాళ్ళు నలుగురు కలిసి మొదలుపెట్టిందే బ్లాక్ సబ్బత్. వారిలో గిటారు వాయించే టోనీ అయోమీకి 17 ఏళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. వేళ్ళకు తొడుగులు చేసుకుని మళ్ళీ వాయించాడు. ఈ మాట మేనల్లుడు చెబుతుంటే, మన రైస్ మిల్లులో వేళ్ళు పోగొట్టుకున్న తమ్ముళ్ళు గుర్తొచ్చారు.

మధ్యాహ్నం నుండి ఒక బృందం తరువాత ఒక బృందం పాడింది. మెటాలికా, గన్స్ ఎన్ రోజెస్, ఇంకా ఎందరో. నిజం చెప్పాలంటే నాకు తలనొప్పి వచ్చింది. చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నాను.

తరువాత వేదిక అడుగు నుండి ఒక పెద్ద నల్లని కుర్చీ పైకి వచ్చింది. అందులో ఆయన. 76 ఏళ్ళు. పార్కిన్సన్స్ జబ్బు ఉందని 2020లోనే లోకానికి చెప్పాడు. నడవలేడు. ఆరేళ్ళుగా మంచాన పడి ఉన్నానని ఆయనే మైకులో చెప్పుకున్నాడు. లేవాలని కుర్చీ పట్టుకుని తంటాలు పడ్డాడు, ఒళ్ళు సహకరించలేదు. 'మామా, ఐయామ్ కమింగ్ హోమ్' అనే పాట దగ్గర గొంతు వణికింది. సుమారు 40 వేలమంది ఆ పాట అందుకున్నారు. నా పక్కన చేతులనిండా పచ్చబొట్లున్న ఒక పెద్దాయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చివరికి మొదటి నలుగురూ ఇరవై ఏళ్ళ తరువాత మళ్ళీ కలిసి వాయించారు. సరిగ్గా పదిహేడు రోజులకు, జూలై 22న, ఆయన చనిపోయాడు.

ఆ పాటలు ఇంట్లో పెట్టుకోండని నేను చెప్పడం లేదు. తాగుడు, మత్తు ఆయన కుటుంబాన్ని ఎంత నలిపాయో ఆయనే దాచలేదు. నా బాధ వేరు. ఆ కుర్చీ నన్ను వదలడం లేదు. ఆయన్ని పక్కన పెట్టడానికి కాదు, పాడించడానికి వేశారు ఆ కుర్చీ.

నిర్గమకాండము పదిహేడులో మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు ఏం చేశారు? కూర్చోవడానికి రాయి వేశారు, చేతులు ఎత్తి పట్టుకున్నారు. ఇక దిగి రండి, యెహోషువ ఉన్నాడుగా అనలేదు. ఈ భాగం మీద నేను ఎన్నోసార్లు మాట్లాడాను. మరి నేను చేసిందేమిటి?

మన కంజీర తాతగారి సంగతి మీకందరికీ తెలుసు. మందిరానికి తాటాకు కప్పు ఉన్నప్పటి నుండి కీర్తన ఎత్తింది ఆయనే. పోయిన ఈస్టర్‌కు రెండో చరణం మరచిపోయి ఆగిపోయారు. యవ్వనస్థులు వచ్చి, యూట్యూబ్ లైవ్‌లో బాగుండటం లేదు అయ్యగారూ అన్నారు. నేనే వెళ్ళి, "తాతగారూ, ఇక విశ్రాంతి తీసుకోండి" అన్నాను. గౌరవంగానే అన్నాననుకున్నాను. ఆ ఆదివారం నుండి ఆయన చివరి వరుసలో, చెప్పుల దగ్గర, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటున్నారు. పెదవులు కదులుతాయి, గొంతు వినపడదు.

ఆరాధన కచేరీ కాదు కదా అంటారు కొందరు. నిజమే. కచేరీకైతే డబ్బిచ్చి టికెట్ కొన్నవారు గొంతు బాగాలేదని గోల చేసినా ఒక అర్థముంది. వారు చేయలేదు. మనం ఏ టికెట్టూ కొనకుండానే విసుక్కున్నాం. పాట ఆగితే అందుకోవడానికి మనం అరవైమందిమి లేమా?

ఊరు రాగానే మంగళవారం ఆయన ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాను. ఆయన ఏమీ అనలేదు, టీ పెట్టించారు. ఈ ఆదివారం ఆయన కుర్చీ కీబోర్డు పక్కన ఉంటుంది. కీబోర్డు తమ్ముళ్ళూ, ఆయన శ్రుతి ఇప్పుడు బాగా దిగింది, ట్రాన్స్‌పోజ్ బటన్ మీ వేలి దగ్గరే ఉంది. నేను వచ్చేస్తుంటే తాతగారు లోపలికి కేకేసి, అటక మీది కంజీర దించి కాస్త సెగ చూపించమని మనవరాలికి చెప్పారు.