నీకిది చాల్లే!

మేముండే ఒహాయోలో మంచు కరగ్గానే ఈరీ సరస్సులో వాల్ఐ చేపలకి బ్లేడ్ బెయిట్ వేస్తారు. మావారు తన పాత బరువైన రాడ్ నాకిచ్చి, "నీకిది చాల్లే" అన్నారు. మిగిలింది తినే అలవాటు కదా, నేనూ సరేనన్నాను. చేప పట్టినా తెలిసేది కాదు, చెయ్యి మాత్రం లాగేసేది.

బ్లేడ్ బెయిట్ పల్చటి లోహపు రేకు. పైకి లాగితే అదురుతుంది, కిందికి జారేటప్పుడే చేప ఎక్కువగా అందుకుంటుంది. ఆ చిన్న అదురు చేతికి తెలియాలంటే 6.5 నుంచి 7 అడుగుల తేలికైన గ్రాఫైట్ రాడ్ ఉండాలి. మీడియం పవర్, ఫాస్ట్ యాక్షన్ అయితే కొస వంగుతుంది, నడుము నిలబడుతుంది.

ఈసారి దుకాణంలో నేనే పట్టుకు చూసి కొనుక్కున్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్ళకే మంచి రాడ్ ఇవ్వాలని నా అభిప్రాయం. మీరేమంటారు?