చిగుళ్ళ నెత్తురు, వుజూ సందేహం

"హజ్రత్, మిస్వాక్ చేస్తే నెత్తురు వస్తోంది. వుజూ నిలుస్తుందా?" అని హిఫ్జ్ తరగతి పిల్లవాడొకడు ఆ మధ్య మమ్మల్ని అడిగాడు. ఉమ్మిలో రక్తమే హెచ్చయి ఎర్రబారితే హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం వుజూ భంగమవుతుంది. ఉమ్మి హెచ్చుగా ఉండి పసుపు ఛాయ మాత్రమే కనిపిస్తే కాదు. ఇంత చెప్పి పంపివేశాము. వుజూ పోతుందన్న భయంతో అతడు మిస్వాకే మానివేశాడని తరువాత తెలిసింది. నోరు తెరిపించి చూస్తే ముందరి పళ్ళ నడుమ చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి, పళ్ళను కొంత కప్పివేశాయి. మస్‌అలా చెప్పాము గాని రోగాన్ని చూడలేదు. అది మా లోపమే.

దంతవైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళాము. పళ్ళపై పేరుకొనే పాచిలోని సూక్ష్మజీవులతో శరీరం జరిపే పోరాటమే ఈ వాపు. తీయని పాచి గట్టిపడి గారగా మారుతుంది. ఇక దానిని మిస్వాక్ గాని, బ్రష్ గాని కదపలేవు. నెత్తురుకు జడిసి శుభ్రత మానిన కొద్దీ నెత్తురు పెరుగుతుందన్నమాట. పైగా ముక్కు మూసుకుపోయి ఇతడు రాత్రంతా నోటితో ఊపిరి పీలుస్తాడు. పై చిగుళ్ళు ఎండి అక్కడే వాపు ఎక్కువైంది. యౌవనారంభంలోను, గర్భిణులలోను హార్మోన్ల మార్పు కూడా దీనిని పెంచుతుంది.

వైద్యులు సన్నని కొలపుల్లతో చిగురుకు, పంటికి మధ్య లోతు చూశారు. ఆరోగ్యమైన నోటిలో అది 3 మిల్లీమీటర్లు దాటదు. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. మందులేమైనా వాడుతున్నాడా అని కూడా అడిగారు. మూర్ఛకు ఇచ్చే ఫినైటోయిన్, రక్తపోటుకు ఇచ్చే ఆమ్లోడిపిన్ చిగుళ్ళను పెంచగలవు. అటువంటివారు మందును తమంతట తాము మానరాదు. అది రాసిన వైద్యునికే చెప్పాలి. వాపుతో పాటు జ్వరం, పాలిపోవడం, ఒంటిపై కమిలిన మచ్చలు ఉంటే వెంటనే రక్తపరీక్ష చేయించాలి. రక్తకాన్సర్ సైతం చిగుళ్ళలో బయటపడవచ్చు.

గార తీయిస్తే పళ్ళు కదులుతాయని పిల్లవాడి తల్లి వారించబోయింది. మన ఇళ్ళలో పాతుకుపోయిన అపోహ ఇది! గార పోయిన చోట సందు కనిపిస్తుంది, అంతే. రెండు విడతలుగా తీశారు. మెత్తని వాపు దీనితోనే తగ్గుతుంది. ఏళ్ళ తరబడి ఉండి గట్టిపడిన చిగురును మాత్రం కోసి సరిచేయవలసి రావచ్చు.

మిస్వాక్ కొన పాతబడితే కోసి, కొత్తగా నమిలి, పీచు మెత్తబడ్డాకే వాడమని పిల్లలందరికీ చెప్పాము. ఇప్పుడతడు ఫజర్ వుజూ వేళ మిస్వాక్, పడుకొనే ముందు బ్రష్ చేస్తున్నాడు. ఉమ్మి తెల్లగానే వస్తోందట. ముక్కు వైద్యం ఇంకా మిగిలి ఉంది. రమజాన్ సెలవులలో చూపిస్తానని తండ్రి మాట ఇచ్చాడు.